ఫోను చెప్పే సాక్ష్యం ఎవరి చేతుల్లో ఉంది?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ సమీపంలోని తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం పాఠకులకు విదితమే. మరునాటి ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె కాలిన మృతదేహం కనిపించింది. నవంబరు 29న నలుగురు యువకులను అరెస్టు చేసినట్లు సైబరాబాద్ పోలీసులు ప్రకటించారు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ అదే చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. పది రోజుల్లో ఒక నేరం జరిగింది, దర్యాప్తు జరిగింది, శిక్ష కూడా అమలైపోయింది. మధ్యలో జరగవలసిన విచారణ ఒక్కటే జరగలేదు.

ఆ సంఘటన మీద ఎంతో చర్చ సాగింది. కొందరు పోలీసుల మీద పూలు చల్లారు, కొందరు కోర్టు తలుపు తట్టారు. అయితే ఒక విషయం గురించి మాట్లాడినవారు తక్కువ. ఆ నలుగురిని పట్టించినవి సీసీ కెమెరాల దృశ్యాలు, సెల్‌ఫోన్ల వివరాలు. అంటే యంత్రాలు చెప్పిన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సేకరించి, భద్రపరచి, చదివి, కోర్టుకు వివరించే వృత్తి ఒకటి ఉంది. దానినే డిజిటల్ ఫోరెన్సిక్ పరీక్ష అంటున్నారు. ఆ వృత్తి ఏమిటి, దానికీ మన కుటుంబాలకూ సంబంధం ఏమిటి అన్నది ఈ వారం పరిశీలించదలిచాము.

శంషాబాద్ నేర్పిన మొదటి పాఠం

ఆ రాత్రి ఆడబిడ్డ ఫోను పలకడం లేదని కుటుంబసభ్యులు పోలీసుల దగ్గరకు పరుగెత్తారు. ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషనుకు వెళ్లండి అన్న మాటతో విలువైన సమయం గడిచిపోయిందని వారు వాపోయారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. ఫోను ఎక్కడ ఉందో చెప్పే పరిజ్ఞానం హైదరాబాద్ నగరంలో అప్పటికే ఉంది. విమానాశ్రయం పక్కనే, అంతర్జాతీయ స్థాయి నిఘా ఉన్న ప్రాంతంలోనే ఈ దారుణం జరిగింది. పరిజ్ఞానానికి కొదవ లేదు. దానిని సకాలంలో వాడుకోవాలన్న బాధ్యతే కొరవడింది.

ఈ అనుభవం తర్వాత 'జీరో ఎఫ్‌ఐఆర్' అన్న మాట ఇంటింటికీ తెలిసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలన్నదే దాని అర్థం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులో దీనికి చట్టరూపం వచ్చింది. మన ఆడపిల్లలు ఉద్యోగాలకు, చదువులకు దూరప్రాంతాలకు వెళుతున్న రోజులివి. పరిధి కాదని తిప్పి పంపితే ఈ సెక్షను పేరు చెప్పి అడిగే ధైర్యం ప్రతి తండ్రికీ, ప్రతి అన్నకూ, ప్రతి తల్లికీ ఉండాలి.

నలుగురిలో ఒక్క పేరే!

శంషాబాద్ కేసులో మరో బాధాకరమైన కోణం ఉంది. నిందితులు నలుగురు. వారిలో ఒకడు ముస్లిం పేరు ఉన్నవాడు. సామాజిక మాధ్యమాల్లో కొందరు మిగిలిన ముగ్గురినీ వదిలేసి ఆ ఒక్క పేరునే దేశమంతా తిప్పారు. ఒక ఘోర నేరానికి మతం రంగు పులమడానికి చూశారు. నేరం చేసినవాడు ఎవడైనా నేరస్థుడే. అతడి పేరును బట్టి శిక్ష పెరగకూడదు, తరగకూడదు. ఈ మాట అనడానికి మనం ఎన్నడూ వెనకాడకూడదు.

ఇక్కడే మరో సంగతి కూడా గమనించాలి. నలుగురూ విచారణ లేకుండా మరణించడంతో సెల్‌ఫోన్ల సాక్ష్యం, కెమెరాల సాక్ష్యం కోర్టు బోనులో నిలబడలేదు. ఎవరు ఎంత నేరం చేశారు, ఎవరు ఏమి చేయలేదు అన్నది రుజువై ఉంటే పుకార్లు పుట్టించినవారి నోళ్లు మూతపడేవి. బాధితురాలి కుటుంబానికి కూడా న్యాయస్థానం ముద్రతో కూడిన సత్యం దక్కేది.

ఆ ఎన్‌కౌంటరు మీద సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. బాధితురాలి సెల్‌ఫోను తదితర వస్తువులను వెదికి తీయడానికే నిందితులను అక్కడికి తీసుకువెళ్లామని, వారు తమ మీద దాడి చేశారని పోలీసులు చెప్పారు. ఆ కథనాన్ని కమిషన్ నమ్మలేదు. నలుగురినీ చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద విచారణ జరపాలని 2022లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ఆధారంగా తీసుకోబోయే చర్యలను 2024లో తెలంగాణ హైకోర్టు నిలిపివేసింది. ఒక ఫోను కోసమని చెప్పి సాగించిన ప్రయాణం నాలుగు ప్రాణాలతో ముగిసిందంటే, ఫోనులో ఉన్న సాక్ష్యానికి ఎంత విలువ ఉందో, దానిని ఎవరు ఎలా సేకరించాలన్న ప్రశ్నకు ఎంత ప్రాముఖ్యం ఉందో అర్థమవుతుంది.

ఈ పరీక్షకుడు చేసే పని ఏమిటి?

సినిమాల్లో చూపినట్లు ఈ పని మీట నొక్కగానే హంతకుడి బొమ్మ తెర మీద పడే మాయాజాలం కాదు. ఎంతో ఓపిక కావలసిన పని.

ముందుగా ఫోనును స్వాధీనం చేసుకున్నప్పుడు పంచనామా రాయాలి. ఫోను ఏ కంపెనీది, దాని ఐఎంఇఐ సంఖ్య ఎంత, అప్పుడు అది తెరిచి ఉందా, మూసి ఉందా అన్నవి అందులో ఉండాలి. దూరం నుంచి ఎవరూ దానిలోని సమాచారం చెరిపివేయకుండా సంకేతాలు అందని ప్రత్యేకమైన సంచిలో పెట్టి సీలు వేయాలి. లేబొరేటరీకి చేరిన తర్వాత సీలు సరిగా ఉందో లేదో చూసి రాసుకోవాలి. ఆ తర్వాత అసలు ఫోనును గాని, హార్డ్‌డిస్కును గాని నేరుగా కెలకరు. దానికి అచ్చంగా ఒక నకలు తీస్తారు. నకలు తీసేటప్పుడు అసలు దాని మీద ఒక్క అక్షరం కూడా పడకుండా అడ్డుకునే పరికరం వాడతారు. పరీక్ష అంతా ఆ నకలు మీదనే జరుగుతుంది.

మరి నకలు అసలుకు సమానమని ఎలా నమ్మడం? దీనికోసం 'హ్యాష్' అనే లెక్క ఉంది. ఎంత పెద్ద సమాచారాన్నైనా ఒక సూత్రంలో పెడితే ఒక గుర్తు వస్తుంది. ఎస్‌హెచ్‌ఎ-256 అనే సూత్రంలో ఆ గుర్తు 64 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. లోపలి సమాచారంలో ఒక్క కామా మారినా ఈ గుర్తు పూర్తిగా మారిపోతుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో, ఫైలుకు ఇది అలాగన్నమాట. స్వాధీనం చేసుకున్ననాటి గుర్తు, కోర్టులో పెట్టిననాటి గుర్తు ఒకటే అయితే మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదని తేలుతుంది.

దీని అవసరం మన పాఠకులకు సులభంగానే బోధపడుతుంది. హదీసు విద్యలో మాట ఎంత గొప్పదైనా సరే, అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే సనదు లేనిదే పండితులు స్వీకరించరు. మధ్యలో ఒక్క పేరు జారినా ప్రశ్న వేస్తారు. డిజిటల్ సాక్ష్యానికీ అటువంటి సనదు కావాలి. ఫోను ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ తేదీన, ఏ గంటకు మారిందో ప్రతి అడుగుకూ సంతకం ఉండాలి. ఆ గొలుసు తెగితే సాక్ష్యం బలహీనపడుతుంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులోనూ స్పష్టం చేసింది. కొత్తగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఆ ధ్రువపత్రంలో హ్యాష్ గుర్తు కూడా రాయాలి. ఒక భాగాన్ని సాక్ష్యం ఇచ్చేవారు, మరో భాగాన్ని నిపుణుడు పూర్తి చేయాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి రావాలని కొత్త చట్టం నిర్దేశించింది. ఈ నిబంధనను దశలవారీగా అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలని కూడా చెప్పింది.

యంత్రం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత?

యంత్రం అబద్ధం చెప్పదని చాలామంది నమ్మకం. ఇందులో సగమే నిజం. యంత్రం తనకు తెలిసినదే చెబుతుంది. దానికి అర్థం చెప్పేది మనిషే.

సెల్ టవర్ వివరాలు ఒక ఫోను ఏ టవరు పరిధిలో ఉందో చెబుతాయి. ఆ పరిధి కొన్ని వీధులు కావచ్చు, పల్లెల్లో కొన్ని మైళ్లూ కావచ్చు. ఫోను అక్కడ ఉన్నంత మాత్రాన దాని యజమాని అక్కడ ఉన్నాడనీ కాదు, నేరం చేశాడనీ కాదు. విమానాశ్రయం చుట్టుపక్కల రోజూ వేలాది మంది ఫోన్లు అవే టవర్ల కిందకు వస్తాయి. సీసీ కెమెరాల గడియారాలు పది నిమిషాలు ముందుకో, వెనక్కో నడవడం కద్దు. కొన్ని పరికరాలు సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో దాచుకుంటాయి. మన సమయానికీ దానికీ ఐదున్నర గంటల తేడా. దీనిని పట్టించుకోని పరీక్షకుడు రాత్రి జరిగినదాన్ని సాయంత్రం జరిగినట్లు రాసేయగలడు. ఒక నిర్దోషి జైలు పాలు కావడానికి ఆ ఐదున్నర గంటలు చాలు.

కంప్యూటరులో ఫైలు దొరికినంత మాత్రాన అది దాని యజమాని పెట్టినదేనా అన్న ప్రశ్న కూడా ఉంది. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ లాప్‌టాప్ నకలును పరీక్షించిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ, అందులోని పత్రాలను బయటి నుంచి దొంగచాటుగా చొప్పించారని 2021లో నివేదిక ఇచ్చింది. మన హైదరాబాద్ నుంచి అరెస్టయిన కవి వరవరరావు కూడా నిందితుడిగా ఉన్న కేసు ఇది. దర్యాప్తు సంస్థ ఆ నివేదికను అంగీకరించలేదు. ఎవరి మాట నిజమన్నది కోర్టు తేల్చాలి. అయితే లాప్‌టాప్ నకలు నిందితుల చేతికి అందకపోతే ఆ ప్రశ్న పుట్టేదే కాదన్నది గమనార్హం.

మక్కా మసీదు గాయం

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది పేలుడులో, తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు మరణించారు. ఆ వెంటనే పాతబస్తీ యువకులను పెద్దసంఖ్యలో పట్టుకుపోయారు. వారిలో కేసులు ఎదుర్కొన్నవారు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. కానీ పోయిన ఏళ్లు తిరిగి రాలేదు, పోయిన ఉద్యోగాలూ తిరిగి రాలేదు.

అదే మసీదులో పేలకుండా దొరికిన మరో బాంబుకు సెల్‌ఫోను, సిమ్ కార్డు అమర్చి ఉన్నాయి. ఆ సిమ్ తప్పుడు పత్రాలతో కొన్నదని తేలింది. దర్యాప్తు కేంద్ర సంస్థల చేతికి వెళ్లాక దారి మారింది, వేరే వ్యక్తుల మీద అభియోగాలు నమోదయ్యాయి. అంటే అమాయకుల మీద పడిన అనుమానాన్ని మళ్లించడానికి తోడ్పడిన వాటిలో ఒక చిన్న సిమ్ కార్డూ ఉంది. అయినా 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యాధారాలు లేవని విడుదల చేసింది. జుమా నమాజుకు వెళ్లి తిరిగి రానివారి కుటుంబాలకు ఈనాటికీ జవాబు లేదు.

ఈ చరిత్ర వల్ల మనలో కొందరు ఫోరెన్సిక్ అన్న మాట వినగానే భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది. కానీ భయం పరిష్కారం కాదు. సరైన శాస్త్రపరీక్ష నిర్దోషికి శత్రువు కాదు. చాలాసార్లు అతడికి మిగిలే ఒకే ఒక సాక్షి అదే.

కాపాడవలసినవారే చెరిపితే?

2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మరునాటి రాత్రి రాష్ట్ర స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో కార్యాలయంలో హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారన్నది ఫోన్ ట్యాపింగ్ కేసులో ప్రధాన ఆరోపణ. విరగ్గొట్టిన ముక్కలను మూసీ నుంచి వెలికితీసినట్లు 2024లో పోలీసులు చెప్పారు. ఆ సంస్థ మాజీ అధిపతి 2025 జూన్‌లో అమెరికా నుంచి ఈ శంషాబాద్‌లోనే దిగి విచారణకు హాజరయ్యారు. ఆరోపణలు ఇంకా రుజువు కావలసి ఉంది. కానీ పోలీసు శాఖ తన అధికారుల ఫోన్లను, డిస్కులను తానే లేబొరేటరీకి పంపవలసి రావడం ఆలోచించదగిన విషయం. పరీక్షకుడు పోలీసులకు లోబడి ఉండకూడదని, శాస్త్రానికీ కోర్టుకూ మాత్రమే జవాబుదారీ కావాలని కోరడం అందుకే.

ఇక సామాన్యుడి సంగతి. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో బండ్లు ఆపి, యువకుల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో 'గంజా' అన్న పదం వెదికిన దృశ్యాలు బయటకు వచ్చాయి. గంజాయిని అరికట్టడం మంచిదే, మన బస్తీలకు అది మరీ అవసరం. కానీ రోడ్డు మీద ఫోను తిరగేయడం శాస్త్రపరీక్ష కాదు. అక్కడ పంచనామా లేదు, హ్యాష్ లేదు, సనదు లేదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఫోన్లు, లాప్‌టాప్‌ల స్వాధీనానికి మార్గదర్శకాలు కావాలని 2023 నవంబరులో పాత్రికేయుల పిటిషన్ మీద కేంద్రానికి సూచించింది.

మన కుటుంబాలు చేయవలసినది

మొదటిది, జాగ్రత్త. గల్ఫ్ నుంచి వచ్చే అన్నదమ్ములు, హజ్‌కు వెళ్లే పెద్దలు శంషాబాద్ విమానాశ్రయం మీదుగానే రాకపోకలు సాగిస్తారు. తెలియనివారి పెట్టెలు, ఫోన్లు మోసుకురావద్దు. మన పేరున సిమ్ కొని ఇతరులకు ఇవ్వవద్దు. కమీషనుకు ఆశపడి బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చిన కుర్రవాళ్లు సైబర్ నేరాల్లో ఇరుక్కుంటున్నారు. దొంగ సొమ్ము జాడ చివరకు ఆ ఖాతా దగ్గరే ఆగుతుంది. విమానాశ్రయానికి బాంబు బెదిరింపు పంపడం కొందరికి వేళాకోళం. విమానాలు ఆగిపోతే నష్టపోయేది సామాన్య ప్రయాణికులే. పంపినవారి జాడ కూడా యంత్రాల్లో మిగులుతుంది. 'డిజిటల్ అరెస్టు' అంటూ వీడియోలో బెదిరించేవారిని నమ్మవద్దు. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

రెండవది, హక్కుల ఎరుక. ఫోను స్వాధీనం చేసుకుంటే పోట్లాడవద్దు. పంచనామా నకలు అడగండి, ఐఎంఇఐ సంఖ్య సరిగా రాశారో లేదో చూడండి, సీలు మీద సంతకం చేయండి, హ్యాష్ గుర్తు వివరం అడగండి, వకీలుతో మాట్లాడండి. మర్యాదగా అడిగిన ప్రశ్న కాగితం మీదకు ఎక్కితే అది రేపు కోర్టులో పనికివస్తుంది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, చదువు. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది. రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్సులో ఎమ్మెస్సీ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఇందుకోసమే జాతీయ విశ్వవిద్యాలయం ఉంది. కంప్యూటర్ సైన్సు చదివిన మన పిల్లలు వేలల్లో ఉన్నారు. అందరి చూపూ అమెరికా వీసా మీద, దుబాయి ఉద్యోగం మీదనే. పరిశోధకులుగా, లేబొరేటరీ శాస్త్రవేత్తలుగా చేరాలన్న ఆలోచన ఎంతమందికి ఉంది?

పోలీసులతో కలిసి పనిచేయడమా అని కొందరు తల్లిదండ్రులు వెనకాడవచ్చు. మన పిల్లలను అక్కడ అనుమానంగా చూస్తారేమోనని శంకించవచ్చు. ఆ శంకను మేము తేలికగా కొట్టివేయడం లేదు. కానీ పరీక్షకుడు చేసేది ఒక పక్షం వహించడం కాదు. అతడి నివేదిక నిందితుడికి వ్యతిరేకంగా ఎంత పనిచేస్తుందో, అనుకూలంగానూ అంతే పనిచేయాలి. కోర్టులో రెండు పక్షాల వకీళ్లూ అతడిని ప్రశ్నిస్తారు. తాను చూసినది చూసినట్లు, చూడనిది చూడలేదని చెప్పగలగడమే అతడి యోగ్యత. కాగా ఆ ఉద్యోగం సులభమైనదని కూడా చెప్పలేము. అఘాయిత్యాలకు గురైన స్త్రీల, పిల్లల దృశ్యాలను రోజుల తరబడి చూడవలసి ఉంటుంది. పెండింగు కేసుల ఒత్తిడి ఉంటుంది. గట్టి మనసు, దానితోపాటు మెత్తని గుండె కూడా కావాలి. ఆడపిల్లల ఫోన్లలోని కుటుంబ చిత్రాలను చూసే చేతులు నమ్మకమైనవి కావాలి కనుక, ఈ రంగంలో ఆడపిల్లల అవసరం మరీ ఎక్కువ.

శంషాబాద్‌లో ఆ రాత్రి ఒక ఫోను మూగబోయింది. సకాలంలో దాని జాడ వెదికి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఆ ఫోను సాక్ష్యం కోర్టు దాకా వెళ్లి ఉంటే మాత్రం సత్యం తేలేది. బాధితురాలికి న్యాయం, నిందితుడికి విచారణ అన్నవి ఒకదానికొకటి విరుద్ధం కావు. రెండింటినీ కలిపి ఉంచేది నిజాయితీ గల సాక్ష్యం. అటువంటి సాక్ష్యం చెప్పగల చేతులను తయారుచేసే బాధ్యత ప్రభుత్వానికి ఎంత ఉందో, పిల్లలను చదివించే మనకూ అంతే ఉంది. ఈ సంవత్సరం డిగ్రీ పూర్తి చేస్తున్న అబ్బాయి, అమ్మాయి మీ ఇంట్లో ఉంటే ఈ రంగం గురించి ఒక్కసారి వారితో మాట్లాడండి.